సూది గుచ్చకుండా కాలేయాన్ని కొలవడం ఎలా?

నేను భౌతికశాస్త్ర విద్యార్థిని. వైద్యం నా విషయం కాదు. అయినా ఈ వ్యాసం రాయడానికి కారణం మా నాన్న. ఆయన జన్మలో మద్యం ముట్టి ఎరుగరు. నిరుడు కడుపునొప్పికి స్కానింగ్ తీయిస్తే "ఫాటీ లివర్, గ్రేడ్ 2" అని వచ్చింది. "మేష్టారు చాటుగా పుచ్చుకుంటారు కాబోలు" అన్నవాళ్ళూ ఊళ్ళో లేకపోలేదు. నాన్న నాలుగు రోజులు గడప దాటలేదు.

ముందు ఆ అపోహ తీరాలి. కాలేయ కణాల్లో నూటికి 5కి మించి కొవ్వు పడితే దాన్ని కొవ్వు కాలేయం అంటారు. తాగుడు ఒక కారణమే గాని, పొట్ట పెరగడం, చక్కెర వ్యాధి కూడా కారణాలే. తాగనివారిలోనూ ఇది ముదురుతుందని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు లుడ్విగ్, ఆయన సహచరులు వివరించారు. 2023లో ఈ వ్యాధి పేరులోంచి "ఆల్కహాల్" అనే మాటనే తీసేశారు.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. కొవ్వు ఎంత? దానివల్ల మచ్చకట్టి కాలేయం ఎంత గట్టిపడింది? ప్రమాదమంతా రెండోదానిలోనే ఉంది. పూర్వం దీనికి బయాప్సీ ఒక్కటే దారి. సూదితో తీసే ముక్క కాలేయంలో సుమారు 50,000వ వంతు మాత్రమే. రక్తస్రావం భయం ఎలాగూ ఉంది. ఏటేటా చేయించుకోవడం ఎవరి తరం?

సూది అక్కరలేని మార్గాల్లో మొదటిది మామూలు అల్ట్రాసౌండ్. కొవ్వు పట్టిన కాలేయం పక్కనున్న మూత్రపిండం కంటే తెల్లగా మెరుస్తుంది. అయితే కొవ్వు తక్కువగా ఉంటే ఇది పట్టుకోలేదు, గట్టిదనం చెప్పలేదు.

రెండోది కాగితం మీద లెక్క. పేరు ఫిబ్-4. వయస్సును ఎ.యస్.టి.తో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను (వేలల్లో) ఎ.ఎల్.టి. వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. నాన్నకు 54 ఏళ్ళు, ఎ.యస్.టి. 48, ఎ.ఎల్.టి. 64, ప్లేట్‌లెట్లు 180 వేలు. అనగా 2592ను 1440తో భాగిస్తే 1.8. ఇది 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే అనుమానం ఎక్కువ. మాది మధ్యలో చిక్కుకుంది.

అందుకని డాక్టరుగారు ఫైబ్రోస్కాన్ రాశారు. ఇది 2003 ప్రాంతంలో ఫ్రాన్సులో వచ్చిన యంత్రం. ఇక్కడే మా భౌతికశాస్త్రం పనికొచ్చింది! పక్కటెముకల సందున చిన్న తాటింపు ఇస్తే కాలేయంలో తరంగం బయలుదేరుతుంది. బిగించిన తీగలో తరంగం వేగంగా పోదా? అలాగే గట్టి కాలేయంలోనూ పోతుంది. వేగాన్ని వర్గం చేసి, సాంద్రతతోనూ 3తోనూ గుణిస్తే గట్టిదనం వస్తుంది. నాన్నకు సెకనుకి 1.77 మీటర్ల వేగం, అంటే 9.4 కిలోపాస్కల్స్. 8 లోపు ఉంటే సాధారణంగా నిశ్చింత. ధ్వని ఎంత క్షీణించిందో చూసి కొవ్వు కూడా అదే యంత్రం చెబుతుంది. అది 312 వచ్చింది. పరీక్షకు ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు, తింటే అంకె పెరుగుతుంది.

కొవ్వును అన్నిటికంటే కచ్చితంగా కొలిచేది ఎం.ఆర్.ఐ. నీటిలోని ప్రోటాన్లకూ కొవ్వులోని ప్రోటాన్లకూ అనునాద పౌనఃపున్యంలో స్వల్ప తేడా ఉంటుంది. ఆ తేడాతో రెంటినీ విడదీయవచ్చని 1984లో డిక్సన్ చూపాడు. కాని ఖర్చు మాబోటివాళ్ళకు భారం.

ఏ ఒక్క అంకెనూ వేదవాక్కుగా తీసుకోకూడదు. డాక్టరు అన్నీ కలిపి చూడాలి. అసలు ఉపయోగం, మళ్ళీ మళ్ళీ కొలిచి మార్పు చూసుకోవడంలో ఉంది. నాన్న రోజూ చెరువుగట్టు మీద గంట నడిచారు, రాత్రి అన్నం తగ్గించారు. 78 కిలోల మనిషి ఏడాదిలో 72కి దిగారు. మొన్న పరీక్షలో 7.2 వచ్చింది, కొవ్వు 262కి తగ్గింది.

నాన్న ఆ కాగితం జేబులో పెట్టుకుని ఊళ్ళో తిరుగుతున్నారు. మిత్రులారా, మన ఇళ్ళలోనూ పొట్ట, చక్కెర ఉన్న పెద్దలున్నారు. తాగరు కదా అని ఊరుకోకండి, ఒకసారి ఆ లెక్క వేయించండి.