సంక్రాంతి కథలు – బసవన్న చెప్పిన తప్పు కబురు



సంక్రాంతి సెలవులు ఇవ్వగానే మనమందరం ట్రంకు పెట్టెలు సర్దుకొని ఇళ్ళకు పోతాము. కానీ ఆ పండుగ ఎందుకు చేస్తారో మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. తెలుగు సార్ చెప్పగా విని ఈ వ్యాసం రాస్తున్నాను.

సంక్రాంతి అనగా సూర్యుడు ఒక రాశి నుండి ఇంకో రాశిలోకి పోవడం. ఏడాదికి 12 సంక్రాంతులు వస్తాయి. అందులో మకర రాశిలోకి పోయే రోజు పెద్ద పండుగ. అది జనవరి 14న గాని 15న గాని వస్తుంది. అప్పటికి వరి కోతలు, నూర్పిళ్ళు అయిపోయి ధాన్యం ఇంటికి చేరుతుంది. అందుకని పంటల పండుగ అంటారు. భోగి, సంక్రాంతి, కనుమ అని మూడు రోజులు చేస్తారు. దీనికి చాలా కథలు ఉన్నాయి. మూడు రాస్తాను.

1. భీష్ముడి కథ: భారత యుద్ధంలో భీష్ముడు పదో రోజు బాణాలు తగిలి పడిపోయాడు. తను కోరుకున్నప్పుడే చనిపోయే వరం ఆయనకు ఉంది. ఉత్తరాయణం వచ్చేదాకా 58 రాత్రులు బాణాల మీదనే పడుకున్నాడు. ఉత్తరాయణం అంత మంచి కాలమని పెద్దల నమ్మకం.

2. గంగ కథ: సగరుడి కొడుకులు 60,000 మంది కపిల మహర్షి కోపానికి బూడిద అయిపోయారు. వారి వంశంలో పుట్టిన భగీరథుడు తపస్సు చేసి గంగను కిందికి తెచ్చాడు. గంగ ఆ బూడిదను తడిపి సముద్రంలో కలిసింది సంక్రాంతి నాడే అంటారు. పశ్చిమ బెంగాల్‌లోని గంగాసాగర్‌లో ఆ రోజు లక్షల మంది స్నానం చేస్తారు.

3. బసవన్న కథ: ఇది కనుమ కథ. శివుడు బసవన్నను పిలిచి, "భూలోకం పోయి మనుషులకు చెప్పు. రోజూ తలంటుకోమను, నెలకు ఒకసారి తినమను" అన్నాడు. బసవన్న దారిలో తికమకపడ్డాడు. "రోజూ తినండి, నెలకు ఒకసారి తలంటుకోండి" అని చెప్పేశాడు. శివుడికి కోపం వచ్చింది. "రోజూ తినాలంటే ఎంత పంట కావాలి! నువ్వే పోయి నాగలి లాగు" అని పంపేశాడు. అందుకే కనుమ నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, గజ్జెలు కట్టి పూజిస్తారు.

సార్ ఈ కథ చెప్పినప్పుడు క్లాసులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నేనూ ఒకసారి తప్పు కబురు చెప్పాను. మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. పోయిన ఏడు మా భూమి సంగతి మీద ఒక కాగితం వచ్చింది. చేతిరాతతో ఉంది. 23వ తారీకును నేను 28 అని చదివాను. మా నాయన 28న తెల్లారకముందే లేచి 12 కిలోమీటర్లు నడిచి పోయాడు. "అయిపోయింది, మళ్ళీ పిలిచినప్పుడు రా" అన్నారంట. ఇంకా పిలవలేదు. నాయన నన్ను తిట్టలేదు. "నువ్వు లేకుంటే అది ఏం కాగితమో కూడా మాకు తెల్వదు గదా" అన్నాడు. నేను ఆ రోజు అన్నం తినలేదు.

మా కోయోళ్ళలో కొత్తల పండుగ ఉంది. కొత్త వడ్లు వచ్చినా, ముందు దేవతకు పెట్టనిదే ఎవరూ నోట్లో పెట్టుకోరు. సెలవుల్లో మా అవ్వకు బసవన్న కథ చెప్పాను. అవ్వ ఇలా అన్నది: "ఎద్దు తప్పు చెప్పిందో ఒప్పు చెప్పిందో, దాని మెడ కాయలు కాస్తేనే మనకు బువ్వ."

నీతి: తప్పు చేసినా బసవన్న పారిపోలేదు, నాగలి లాగాడు. మనం కూడా తప్పు చదివామని చదువు మానొద్దు. ఇంటి కాగితాలు మాత్రం రెండుసార్లు చదవాలి. నేనిప్పుడు మూడుసార్లు చదువుతున్నాను.

ఇందులో తప్పులుంటే ఎర్ర పెన్సిల్‌తో దిద్దగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని