సంకర జీడిమామిడి: పిక్క పాతితే అదే చెట్టు రాదు

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో జీడితోటలు నేలకొరిగాయి. చెట్లు పోయిన చోట మళ్ళీ నాటేటప్పుడు బాగా కాసే చెట్టు పిక్కలు ఏరి పాతుదామనిపిస్తుంది. ఖర్చు లేదు గదా! సంకర రకాల్లో అలా చేస్తే మోసపోతారు.

బాపట్లలో రూపొందిన బి.పి.పి.-8 రకాన్నే తీసుకోండి. రెండు మేలైన చెట్లను సంకరపరచి తీసిన రకమిది. పిక్క 8 గ్రాముల పైనే తూగుతుంది. సుమారు 120 పిక్కలకే కిలో. 5 గ్రాముల నాటు పిక్కలైతే 200 ఏరాలి. ఏరుడు కూలీ ఎంత తగ్గుతుందో మీరే లెక్క వేసుకోండి.

అయితే ఆ పిక్కనే పాతితే తల్లి గుణాలు చెదిరిపోతాయి. ఒకటి బాగా కాస్తుంది, మరొకటి ఏపుగా పెరిగి ఊరకే నీడనిస్తుంది. ఆ తేడా తెలిసేసరికి మూడు నాలుగేళ్ళు గడిచిపోతాయి. అందుకే అంటు మొక్కే నాటాలి.

తొలకరి వానలు పడ్డాక రెండడుగుల గుంతలు తీసి, 8 మీటర్ల ఎడంతో ఎకరాకు 60 మొక్కలు పెట్టండి. అంటు అతుకు మట్టిలో కూరుకుపోకూడదు. గాలికి ఊగకుండా కర్ర పాతి కట్టాలి. మొదటి రెండేళ్ళు పూత తుంచెయ్యండి, ఆశపడొద్దు.

అతుకు కిందినుంచి వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. లేకుంటే అంటు ఎండి, కింది నాటు మొక్కే చెట్టవుతుంది. కాపు చూసేదాకా ఆ సంగతి తెలియదు.