ఆరాధన అంటే దగ్గరికి రావడం



కరీంనగర్ వైపు పుట్టిన ఆడబిడ్డ పెళ్లి చేసుకొని గోదావరి దాటి నిర్మల్, భైంసా వైపు కాపురానికి వచ్చిందనుకోండి. మొదటి ఆదివారమే దేవాలయంలో ఆమెకు ఒక చిన్న తికమక ఎదురవుతుంది. ఆమె పుట్టింటి విచారణ ఓరుగల్లు మేత్రాసనంలోనిది. అక్కడ పూజ లతీను రీతిలో జరుగుతుంది. పరలోక జపం ముగిశాక, దివ్యసత్ప్రసాదం స్వీకరించబోయే ముందు పక్కవారికి సమాధానం చెబుతారు. అత్తగారి ఊరు అదిలాబాదు మేత్రాసనంలోనిది. 1999లో చాందా మేత్రాసనం నుండి వేరుపడి, మంచిర్యాల కేంద్రంగా ఏర్పడిన ఈ మేత్రాసనంలో సీరో మలబార్ రీతి. ఇక్కడ రొట్టె, ద్రాక్షారసం పీఠం మీద ఉంచాక, మహా కృతజ్ఞతా ప్రార్థన ఆరంభంలోనే సమాధానం ఇచ్చిపుచ్చుకుంటారు. గురువు నుండి పీఠ సేవకులకు, వారి నుండి ప్రజలకు, చేతి నుండి చేతికి అది సాగుతుంది.

"ఇదేమిటి అత్తమ్మా, అప్పుడే అయిపోయిందా?" అని ఆమె అడిగితే, "మన దగ్గర ఇట్లనే బిడ్డా" అంటుంది అత్తగారు.

ఆ జవాబు నిజమే, కాని చాలదు. సమాధానం ముందు ఎందుకు ఉన్నది అన్న ఆ చిన్న ప్రశ్నలోనే అసలు క్రైస్తవ ఆరాధన ఎందుకు అన్న పెద్ద ప్రశ్న దాగి ఉన్నది. ఈ వారం దానినే ధ్యానించుకుందాం.

ఖుర్బానా అన్న మాట

లతీను రీతివారు దివ్యబలిపూజ అనే దానిని సీరో మలబార్ రీతివారు ఖుర్బానా అంటారు. ఇది సిరియా భాషా పదం. యేసు ప్రభువు మాట్లాడిన అరామిక్ భాషకు సిరియా భాష దగ్గరి చుట్టం. బైబిలులోని హెబ్రీ భాషలో ఇదే మాట 'కొర్బాను'. భైంసా అంగట్లో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. కాబట్టి అక్కడివారికి ఈ పదం పరాయిదిగా తోచదు. బక్రీదు నాటి ఖుర్బానీ అందరూ విన్న మాటే. 'ఖరీబ్' అంటే దగ్గర అని కూడా అందరికీ తెలుసు. ఈ మాటలన్నీ ఒకే మూలం నుండి పుట్టినవి. ఆ మూలానికి అర్థం 'దగ్గరికి రావడం'.

చూడండి, బలి అనగానే మనకు ముందుగా ఇవ్వడం, కోల్పోవడం గుర్తుకు వస్తాయి. ఈ పదమైతే ఇచ్చేది ఎందుకో చెబుతున్నది. దేవునికి దగ్గర కావడానికి ఇస్తున్నాం. కానుక మనలను దగ్గరకు చేర్చకపోతే అది ఎంత విలువైనదైనా ఖుర్బానా కాదు.

దేవునికి మన పూజ అవసరమా?

కొందరు అడుగుతారు: సర్వేశ్వరునికి లోటేమున్నది, మన స్తుతి కోసం ఆయన ఎదురుచూస్తాడా? పవిత్ర గ్రంథం ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబిచ్చింది. అడవి మృగాలన్నీ తనవే అయినప్పుడు ఎద్దుల మాంసంతో తనకేమి పని అని 50వ కీర్తనలో దేవుడే అడుగుతాడు. ఆమోసు ప్రవక్త ఐదవ అధ్యాయంలో మరింత కఠినంగా మాట్లాడుతాడు. న్యాయం లేని చోట జరిగే పండుగలు, పాటలు దేవునికి రోతగా ఉన్నాయని చెబుతాడు.

కాబట్టి ఆరాధన దేవుని లోటు తీర్చేది కాదు, మన దూరం తీర్చేది. అయితే ఆ దూరం మన బలంతో తీరేది కూడా కాదు. క్రీస్తు ప్రభువు సిలువపై తనను తాను ఒక్కసారే, శాశ్వతంగా సమర్పించుకున్నాడని హెబ్రీయులకు వ్రాసిన లేఖ పదవ అధ్యాయం బోధిస్తున్నది. ప్రతి పూజలోనూ మనం కొత్త బలి కనిపెట్టడం లేదు. ఆయన చేసిన ఆ ఒక్క అర్పణలో మన శ్రమను, మన కన్నీటిని, మన కుటుంబాన్ని కలుపుతున్నాం. పునీత పౌలుగారు రోమీయులకు వ్రాస్తూ, మన దేహాలనే సజీవ బలిగా అర్పించమంటారు (12:1). పత్తి ఏరి పగిలిన చేతులు కూడా పీఠం మీది అప్పంతోపాటు దేవునికి చేరుతాయి.

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దివ్యార్చనను గురించి ప్రకటించిన పత్రం ఈ సంగతినే రెండు వైపుల నుండి చెప్పింది. దివ్యార్చనలో దేవునికి మహిమ, మనుష్యులకు పవిత్రీకరణ జరుగుతాయి. శ్రీసభ పనులన్నీ చేరవలసిన శిఖరం అదే, శ్రీసభ శక్తి అంతా ఊరే ఊట కూడా అదే. అందుకే ప్రజలు కేవలం చూసేవారుగా ఉండరాదని, తెలిసి, మనసు పెట్టి పాల్గొనాలని మహాసభ కోరింది.

కొర్బాను చాటున దాక్కోవద్దు

ఇంత పవిత్రమైన మాటను కూడా మనిషి అడ్డు పెట్టుకోగలడు. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో యేసు ప్రభువు మందలించింది సరిగ్గా దీనినే. ఆ కాలంలో కొందరు తమ ఆస్తిని కొర్బాను అని, అంటే దేవునికి అంకితమని ప్రకటించి, ముసలి తల్లిదండ్రులకు పెట్టకుండా తప్పించుకునేవారు. చూడడానికి గొప్ప భక్తి. లోపల చూస్తే తల్లి గిన్నె ఖాళీ.

'దగ్గరికి రావడం' అన్న మాటనే దూరం చేయడానికి వాడుకున్నారు. కన్నవారిని దూరం పెట్టి దేవునికి దగ్గర కావచ్చునన్న ఆ లెక్కను ప్రభువు కొట్టివేశాడు. ఈ మందలింపు పరిసయ్యులతో ముగిసిపోలేదు. పండుగనాడు పీఠానికి పూలదండలు కొని, ఇంట్లో మూలన మంచం పట్టిన నాయనకు మందులు కొనని మనకు కూడా అది తగులుతుంది. అంతియొకయ నగరంలో గురువుగా ఉన్న రోజుల్లో పునీత యోహాను క్రిసోస్తోము నాలుగవ శతాబ్దంలోనే తన ప్రజలను హెచ్చరించారు. గుడిలో క్రీస్తుకు పట్టుబట్టలు కప్పి, గుడి బయట చలికి వణుకుతున్న క్రీస్తును విడిచిపెట్టకండి అని ఆయన బోధ సారాంశం.

ముందు వెళ్లి, తర్వాత రా

ఇక మన కోడలి ప్రశ్నకు వద్దాం. మత్తయి సువార్త ఐదవ అధ్యాయం 23, 24 వచనాలు తెరిచి చదవండి. కానుకను పీఠం వద్దకు తెచ్చినవానికి, తన సోదరునికి తనపై ఏదో మనస్పర్థ ఉన్నదని గుర్తుకు వస్తే, కానుకను అక్కడే ఉంచి, ముందు వెళ్లి సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించాలని ప్రభువు ఆజ్ఞ.

ఇక్కడ రెండు సంగతులు తరచు మన చూపు దాటిపోతాయి. మొదటిది, ప్రభువు "నీకు ఎవరిమీద కోపమున్నది?" అని అడగడం లేదు. "నీమీద ఎవరికి బాధ ఉన్నది?" అని అడుగుతున్నాడు. "నాకెవరిమీదా ద్వేషం లేదు" అని గుండె మీద చేయి వేసుకొని కూర్చుంటే చాలదు. నా మాటతో, నా చేతతో గాయపడిన మనిషిని గుర్తు చేసుకోవాలి. రెండవది, కానుకను వెనక్కి తీసుకుపొమ్మని ప్రభువు చెప్పలేదు. అది అక్కడే ఉంటుంది, మనిషి తిరిగి రావాలి. "నలుగురికి మేలు చేస్తే చాలు, పూజ ఎందుకు?" అనేవారికి ఇది జవాబు. "పూజకు వస్తున్నాను కదా, పాలివాళ్లతో మాటలెందుకు?" అనేవారికి కూడా ఇదే జవాబు.

తొలి క్రైస్తవులు దీనిని అక్షరాలా పాటించారు. అపోస్తలుల కాలానికి దగ్గరగా వ్రాయబడిన దిదకే అనే చిన్న గ్రంథం, తోటివానితో తగవు ఉన్నవాడు అది తీరేదాకా ఆదివారపు సమావేశంలో చేరకూడదని, లేకపోతే బలి మలినమవుతుందని శాసించింది. సుమారు క్రీ.శ. 155లో రోములో పునీత జస్టిను తమ పూజ ఎలా జరుగుతుందో చక్రవర్తికి వివరిస్తూ, ప్రార్థనల తర్వాత ఒకరికొకరు సమాధానపు ముద్దు ఇచ్చుకుంటారని, ఆ తర్వాతనే రొట్టె, ద్రాక్షారసం తేబడతాయని వ్రాశారు. ఆదివారం పోగైన కానుకలతో అనాథలను, విధవలను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకునేవారని కూడా ఆయన వివరించారు. మూడవ శతాబ్దంలో సిరియా ప్రాంతపు సంఘాలలో, ఎవరికైనా తోటివానిపై పగ ఉన్నదా అని పరిచారకుడు అందరి ఎదుటా బిగ్గరగా అడిగేవాడు.

అదీ సంగతి. సీరో మలబార్ రీతిలో సమాధానం ముందు రావడం ఆ ప్రాచీన క్రమానికి గుర్తు. లతీను రీతిలో అది పరలోక జపానికి ఆనుకొని రావడం కూడా అర్థవంతమే. మేము క్షమించినట్లే మమ్ము క్షమించుమని అడిగిన నోటితో వెంటనే పక్కవారికి సమాధానం చెబుతాం. చోటు వేరు, పాఠం ఒక్కటే.

భైంసాలో ఈ పాఠం

భైంసా పత్తి పండే నేల మధ్యన, జిన్నింగ్ మిల్లులు, మార్కెట్టు ఉన్న పట్టణం. దగ్గరలోనే గోదావరి తీరాన బాసర. ఊరి పక్కన సుద్దవాగు. అన్ని మతాలవారు ఒకే కాంటా దగ్గర పత్తి తూకం వేయించుకుంటారు. అయినా 2008 అక్టోబరులో, 2020 జనవరిలో, 2021 మార్చిలో ఈ ఊరి పేరు అల్లర్ల వార్తలతో రాష్ట్రమంతటా వినబడింది. 2008లో ప్రాణాలు పోయాయి. 2020లో ఇండ్లు తగలబడ్డాయి. తప్పు ఎవరిదని తేల్చడం ఈ శీర్షిక పని కాదు, అందుకు న్యాయస్థానాలు ఉన్నాయి. మనం వేసుకోవలసిన ప్రశ్న వేరు. అటువంటి ఊరిలో చిన్నమందగా ఉన్న క్రైస్తవుల ఆరాధన దేనికి?

యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలో సమరియ స్త్రీ యేసును అడిగింది కూడా ఇటువంటి నేల మీదనే. యూదులకు, సమరియులకు మాటలు లేవు. ఏ కొండ మీద పూజించాలన్నది వారి పాత తగవు. ప్రభువు ఆ తగవులో పక్షం పట్టి ఆమెను ఓడించడానికి చూడలేదు. ఆమె చేతి నీళ్లు అడిగాడు. ఆత్మయందు, సత్యమందు తండ్రిని ఆరాధించే గడియ వచ్చిందని బోధించాడు. శత్రువర్గం మనిషి దగ్గర దాహానికి నీళ్లు అడగడంతో మొదలైంది ఆ గొప్ప ఉపదేశం.

కనుక మన పూజ మనలను పొరుగువారి నుండి విడదీసే గోడ కాకూడదు. సమాధానం చెప్పిన చేతులతో పుకార్లను ఫోన్లలో ముందుకు పంపకూడదు. ఎదురింటివారి పండుగను ఎగతాళి చేయకూడదు. భయం కమ్మిన రోజున ఏ మతం బిడ్డకైనా మన ఇంటి తలుపు తెరుచుకోవాలి. ఇది రాజకీయం కాదు, దివ్యసత్ప్రసాద ఫలం.

మన గట్టు దగ్గర

ఊరి తగవులు ఎందుకు, మన ఇంటి సంగతి చూద్దాం. ఇద్దరు అన్నదమ్ములను తలచుకోండి. రెండు చేండ్ల నడుమ జానెడు గట్టు కోసం మాటలు పడిపోయాయి. ఇద్దరూ ఆదివారం పూజకు వస్తారు. ఒకరు కుడి వైపు, ఒకరు ఎడమ వైపు. సమాధానం వేళ ఇద్దరూ పక్కవారికే చేతులు ఇస్తారు. మధ్యలో ఉన్న దారి రెండు అడుగులు. ఆ రెండు అడుగులు దాటడం గోదావరి ఈదడం కన్నా కష్టం. కాని ఆ రోజు వారి ఖుర్బానా ఆ రెండు అడుగులలోనే ఉన్నది.

ఒకరు వెళ్లినా రెండవవారు మొగం తిప్పుకుంటే? పౌలుగారు దానికి కూడా దారి చూపారు. మన వల్ల అయినంత వరకు అందరితో సమాధానంగా ఉండాలన్నారు (రోమీ 12:18). మన వంతు చేసి, మిగిలింది దేవునికి అప్పగించి పీఠం దగ్గరికి రావచ్చు. అలాగే సమాధానమంటే దెబ్బలు ఓర్చుకొని నోరు మూసుకోవడం కాదు. తాగివచ్చి కొట్టే భర్త దగ్గర భార్య రక్షణ కోరడం, అన్యాయానికి గురైనవారు న్యాయం అడగడం పాపం కాదు. వెళ్లి క్షమాపణ అడగవలసిన బరువు గాయపరచినవారి మీదనే ప్రభువు పెట్టాడు.

ప్రియ పాఠకులారా, ఆదివారం పూజకు సిద్ధపడడం ఆదివారం ఉదయం బట్టలు ఇస్త్రీ చేసుకోవడంతో మొదలు కాదు, శనివారం రాత్రే మొదలవుతుంది. ఆ రాత్రి దీపం ఆర్పే ముందు కుటుంబమంతా కూర్చొని ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. ఈ వారం నా మాట వల్ల, నా చేత వల్ల ఎవరి మనసు నొచ్చింది? వారి దగ్గరికి ఎప్పుడు వెళతాను?

2. భక్తి పేరు చెప్పి నేను తప్పించుకుంటున్న బాధ్యత ఇంట్లో ఏదైనా ఉన్నదా?

3. మా వాడలోని వేరే మతం కుటుంబాలలో, కష్టం వస్తే మా తలుపు తట్టగలిగినవారు ఎందరు?

ఒక్క పేరు గుర్తుకు వచ్చినా చాలు. తెల్లవారి దేవాలయానికి బయలుదేరేటప్పుడు ఆ ఇంటి మీదుగా వెళ్లండి. పూజకు కాస్త ఆలస్యమైనా కానుక పీఠం దగ్గరే ఉంటుంది. మీరు సమాధానపడి తిరిగి రావడం కోసం ప్రభువు అక్కడే వేచి ఉంటాడు.