కేసు పెట్టకపోవడమూ ప్రాసిక్యూటర్ పనే

జడ్జి కావాలంటే ఏ పరీక్ష రాయాలి? మన విద్యార్థులు మొదట అడిగే ప్రశ్న ఇదే. అమెరికాలో ఫెడరల్ జడ్జి పదవికి పరీక్షే లేదు. ఇంత వయసుండాలని, లా డిగ్రీ ఉండాలని కూడా ఆ దేశ రాజ్యాంగం ఎక్కడా చెప్పదు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, ఆపై సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం ఆ కుర్చీ వారిదే. అయితే రాతలో లేని అర్హతలు ఉన్నాయి. అభ్యర్థుల యోగ్యతను తూచే అమెరికన్ బార్ అసోసియేషన్ కమిటీ మామూలుగా కనీసం 12 ఏళ్ల న్యాయవాద అనుభవం కోరుతుంది. ఆ ఏళ్లలో కొన్నింటిని ప్రాసిక్యూటర్లుగా గడిపినవారు ఫెడరల్ కోర్టుల్లో చాలామంది కనిపిస్తారు. కోర్టులో వాదించే అలవాటు, నేర చట్టం మీద పట్టు, పేరున్న కేసులు గెలవడం దీనికి కారణాలని సాధారణంగా చెబుతారు. అవి నిజమే. కానీ మంచి జడ్జిని తయారుచేసేది గెలిచిన కేసులు కావని నా అభిప్రాయం. ఏ కేసు పెట్టాలి, ఏది వదిలేయాలి, తన దగ్గరున్న ఏ కాగితాన్ని ఎదుటి పక్షానికి ఇవ్వాలి అని ప్రాసిక్యూటర్ రోజూ తేల్చుకోవాలి. తీర్పు చెప్పడం అక్కడే మొదలవుతుంది.

అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సోనియా సోటోమయోర్ దారి చూడండి. 1954లో న్యూయార్క్‌లో ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రిని కోల్పోయారు. ప్రిన్‌స్టన్‌లో డిగ్రీ, యేల్‌లో లా పూర్తిచేసి 1979లో మన్‌హటన్ జిల్లా అటార్నీ కార్యాలయంలో అసిస్టెంట్ ప్రాసిక్యూటర్‌గా చేరారు. ఇది రాష్ట్ర చట్టాల కింద నడిచే కార్యాలయం, ఫెడరల్ కాదు. యేల్ పట్టా ఉన్నవారికి పెద్ద లా సంస్థలు ఇంతకంటే ఎంతో ఎక్కువ జీతం ఇస్తాయి. అయినా ఆమె చిన్న నేరాల కేసులతో మొదలుపెట్టారు. ఒక దశలో వరుసగా రెండు కేసులు ఓడిపోయారు. తర్కం బాగానే పేర్చావు గానీ, దోషి అని తేల్చడం తమ బాధ్యతని జూరీకి అనిపించేలా వాదించలేదని పై అధికారి తప్పు ఎత్తిచూపారట. తర్వాత 1983లో, హార్లెమ్‌లో మేడల మీది నుంచి తాడు పట్టుకుని కిటికీల్లోంచి ఇళ్లలోకి దూకి, దోచుకుంటూ హత్యలు చేసిన వ్యక్తి కేసులో ఆమె రెండో ప్రాసిక్యూటర్‌గా పనిచేశారు. పత్రికలు అతణ్ని టార్జాన్ హంతకుడు అన్నాయి. వేర్వేరు ఇళ్లలో జరిగిన నేరాలను ఒకే విచారణలో కలపవచ్చా అన్నది అక్కడ అసలు చిక్కు. కలిపితే నేరం చేసే తీరు ఒకటేనని జూరీకి తెలుస్తుంది. కానీ ఒక నేరం మచ్చ ఇంకో నేరానికి అంటుకుని నిందితుడికి అన్యాయం జరగవచ్చు. కలపాలని వాదించేవారు ఎదుటివారి భయాన్ని తామే ముందుగా తూచుకోకపోతే జడ్జిని ఒప్పించలేరు.

అమెరికాలో ఈ పని బరువు తెలియాలంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడిన కేసుల్లో నూటికి తొంభైకి పైగా విచారణ దాకా రావు, నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయి. అంటే చాలామంది నిందితుల విషయంలో జూరీ నోరు విప్పే అవసరమే రాదు, ఏ అభియోగం మోపాలన్న ప్రాసిక్యూటర్ నిర్ణయమే వారి భవిష్యత్తును చాలావరకు తేల్చేస్తుంది. కొన్ని నేరాలకు కనీస శిక్షను చట్టమే నిర్ణయించింది కాబట్టి, ఆ సెక్షన్ కింద అభియోగం పెట్టారంటే జడ్జి చేతులు కూడా కట్టేసినట్టే. ఇంత అధికారానికి సుప్రీంకోర్టు 1963లో బ్రేడీ కేసులో ఒక కళ్లెం వేసింది: నిందితుడికి మేలు చేసే సాక్ష్యం ప్రాసిక్యూటర్ దగ్గరుంటే అతనికి ఇచ్చి తీరాలి. ఆ నియమం తప్పితే ఏమవుతుందో అలాస్కా సెనేటర్ టెడ్ స్టీవెన్స్ కేసు చూపింది. 2008 అక్టోబరులో ఆయన్ను జూరీ దోషిగా తేల్చింది, కొద్ది రోజులకే ఎన్నికల్లో ఓడిపోయారు. ప్రాసిక్యూషన్ తన దగ్గరే దాచుకున్న సాక్ష్యం బయటపడ్డాక 2009 ఏప్రిల్‌లో కేసే కొట్టేశారు. ఎన్నిక మాత్రం తిరిగి రాలేదు. ఈ ఉద్యోగంలోకి వెళ్లాలనుకునే ప్రతి విద్యార్థీ ఈ కేసును మొదటి పాఠంగా చదవాలి.

ప్రాసిక్యూటర్ పని మంచి జడ్జిని తయారుచేస్తుందన్న మాటకు గట్టి అభ్యంతరమే ఉంది. ఏళ్ల తరబడి ప్రభుత్వం తరఫున నిలబడినవారు బెంచి ఎక్కాక కూడా పోలీసు మాటనే ముందు నమ్ముతారు కదా? ఈ ప్రమాదం నిజమైనదే, తేలిగ్గా కొట్టిపారేయలేం. 2022 దాకా అమెరికా సుప్రీంకోర్టులో ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్‌గా పనిచేసిన న్యాయమూర్తి ఒక్కరూ లేరు. కేతాంజీ బ్రౌన్ జాక్సన్ రాకతోనే ఆ లోటు తీరింది. పేదల తరఫున వాదించినవారు బెంచి మీద ఇంకా పెరగాలి. అయితే ఈ అభ్యంతరం ప్రాసిక్యూషన్‌లోనే జీవితమంతా గడిపేవారికి ఎక్కువగా వర్తిస్తుంది. సోటోమయోర్ అయిదేళ్లకు, 1984లో, ఆ ఉద్యోగం వదిలి ప్రైవేటు సంస్థలో చేరి వ్యాపార వివాదాలు వాదించారు. అక్కడ ప్రభుత్వ ముద్ర అండగా ఉండదు. ఆ ఎనిమిదేళ్లు కూడా ఆమెను జడ్జిగా తీర్చిదిద్దాయనే నేను అనుకుంటాను.

ఇదంతా రాజకీయ నియామకమే, పనితనంతో పనేముంది అనేవారూ ఉన్నారు. పేరు ఎవరు సూచిస్తారన్నది రాజకీయమే. డెమోక్రాట్ సెనేటర్ మొయినిహాన్ సిఫారసు చేస్తే రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ 1991 నవంబరులో సోటోమయోర్ పేరు పంపారు. ఆమోదానికి 1992 ఆగస్టు దాకా పట్టింది. తర్వాత క్లింటన్ అప్పీళ్ల కోర్టుకు, 2009లో ఒబామా సుప్రీంకోర్టుకు ఎంపికచేశారు. భారత సంతతికి చెందిన అముల్ థాపర్ కూడా కెంటకీలో యూఎస్ అటార్నీగా, అంటే ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా, చేసి 2008లో జిల్లా జడ్జి అయ్యారు, 2017లో అప్పీళ్ల కోర్టుకు వెళ్లారు. రాజకీయం తలుపు తీస్తుంది, ఆ సమయానికి గుమ్మం దగ్గర నిలబడే యోగ్యత మాత్రం ఎవరికి వారే సంపాదించుకోవాలి. అందుకే జడ్జి పదవికి మెట్టు అనుకుని ప్రాసిక్యూటర్ ఉద్యోగంలో చేరకండి. ఆ పిలుపు ఎప్పటికీ రాకపోయినా ఈ పని చేస్తాననిపిస్తేనే చేరండి.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలకు దారి స్పష్టమే: ఏదో ఒక డిగ్రీ, మూడేళ్ల లా డిగ్రీ (జేడీ), బార్ పరీక్ష. ఫెడరల్ ప్రాసిక్యూటర్ ఉద్యోగానికి సాధారణంగా అమెరికా పౌరసత్వం అడుగుతారు. ఇక మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) పోస్టులను పోలీసు నియామక మండళ్లు భర్తీచేస్తాయి. ఏడేళ్ల అనుభవం ఉన్న న్యాయవాదులు నేరుగా జిల్లా జడ్జి పోస్టుకు పోటీపడవచ్చు. కోర్టుల్లో వాదిస్తున్న ప్రభుత్వ ప్రాసిక్యూటర్లూ ఆ న్యాయవాదుల లెక్కలోకే వస్తారని మన సుప్రీంకోర్టు 2013లో దీపక్ అగర్వాల్ కేసులో తేల్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను 2025 మేలో మళ్లీ తెచ్చింది. ఏ దేశంలో ఉన్నా ముందు మీ ఊరి మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లండి, అక్కడ ఎవరైనా కూర్చోవచ్చు. ఒక పూట బెయిలు పిటిషన్ల మీద వాదనలు వినండి. ప్రాసిక్యూటర్ దేన్ని వ్యతిరేకిస్తున్నారో, దేన్ని వ్యతిరేకించకుండా వదిలేస్తున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.