పొలము పనితోనే దేహదారుఢ్యము కలుగునా?

"రెక్కలు ముక్కలు చేసికొను రైతుకు వేరే వ్యాయామమెందుకు?" అని పలువురు అడుగుచుందురు. ప్రశ్న సహేతుకమైనదే. కాని సమాధానము చెప్పుటకు ముందు దేహదారుఢ్యమనగా ఏమో తెలిసికొనవలెను. అది ఒకే గుణము కాదు. ఎక్కువసేపు శ్రమించినను గుండె, ఊపిరితిత్తులు అలసిపోకుండుట ఒకటి. బరువెత్తగల కండబలము మరొకటి. ఒకే పనిని పలుమార్లు చేయగల కండరముల ఓర్పు వేరు, కీళ్లు బిగిసిపోక చక్కగా వంగుట వేరు. శరీరములో కండ ఎంత, కొవ్వు ఎంత అనునది ఇంకొక అంశము. వయసు పైబడినకొలది వీనికి తోడు నిలకడ, అనగా తూలి పడకుండ నిలువగల శక్తి, ముఖ్యమగును.

వరిలో జింకు లోపించి ఆకులపై తుప్పు మచ్చలు కనబడినపుడు యూరియా ఎంత చల్లినను పైరు కోలుకొనదు. ఏ పోషకము కొరవడినదో అదియే దిగుబడిని నిలిపివేయును. దేహము సంగతియు చాలవరకు ఇట్టిదే. బస్తాను అవలీలగా మూపున వేసికొనువాడు గుండె బలములో వెనుకబడి యుండవచ్చును. మనలో కొరవడినది ఏదో కనుగొని దానికి ఎరువు వేయవలెను గాని ఉన్నదానికే మరల వేసిన లాభము లేదు.

మొదట గుండె సంగతి చూతము. నాటునాగలితో చాలుకు 20 సెంటీమీటర్ల చొప్పున ఎకరము దున్నినవాడు, మలుపులు వదలివేసినను, సుమారు 20 కిలోమీటర్లు నడచినట్లు లెక్క. ఎకరము 4,047 చదరపు మీటర్లు; కాగితము మీద మీరే భాగించి చూడవచ్చును. నేడు ఆ ఎకరమును ట్రాక్టరు దున్నుచున్నది, నడపువాడు కూర్చుండి యున్నాడు. కోతకు యంత్రము వచ్చినది, గట్టు వరకు మోటారుసైకిలు పోవుచున్నది. యంత్రము వలదని నా భావము కాదు. మరల ఎద్దులను కట్టుమని ఎవరికిని చెప్పను. అయితే నడక తగ్గినది గాని పళ్లెములోని అన్నము తగ్గలేదు.

హైదరాబాదుకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో ఈ మార్పు మరింత స్పష్టముగా కనబడును. ఒకప్పటి సేద్యపు భూములు అచ్చట కాలనీలైనవి. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు సైతము బాటసింగారమునకు తరలిపోయినది. భూమి అమ్మి ఆ చుట్టుపట్ల స్థిరపడిన రైతు కుటుంబములు ఎన్నో కలవు. పొలము పోయిన నాటినుండి ఆ ఇంటి పెద్దకు రోజూ చేసిన శ్రమయు పోయినది, ఆకలి మాత్రము అలవాటు ప్రకారము వేళకు వచ్చుచుండును. మధుమేహము, రక్తపోటు ఇట్టి ఇండ్లలో సులభముగా చోటు చేసికొనును.

మీరు సరూర్‌నగర్ రైతుబజారులో కూరగాయలు అమ్ముకొని తిరిగి వచ్చునపుడు ఒక పరీక్ష చేసికొనవచ్చును. 2018 సెప్టెంబరు 24 నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడుచుచున్నది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్ స్టేషన్లన్నియు రోడ్డుకు ఎత్తున నున్నవి. లిఫ్టు, కదిలే మెట్లు ఉన్నను, ఒకసారి మామూలు మెట్లు ఎక్కి చూడుడు. పైకి చేరినపుడు కొంత రొప్పుట సహజము. పక్కవానితో ఒక వాక్యమైనను మాటలాడలేకపోయిన, గుండెకు అభ్యాసము చాలలేదని అర్థము.

దీనికి మందు వడినడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారము వయోజనులకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యస్థ శ్రమ అవసరము. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడచిన కనీసము నెరవేరును. వేగమెంత అని అడుగుదురు. నడచుచు మాటలాడగలుగవలెను, పాట మాత్రము పాడలేకుండవలెను. నీళ్లు కట్టుటకు గట్టుమీద చేయు నిదాన నడక ఈ లెక్కలోనికి రాదు.

బలము రైతుకు సాధారణముగా ఉండును. దానిని వాడు పద్ధతియే చెడ్డది. వెన్నును నిలబెట్టు కండరములు వెన్నుపూసకు సుమారు 5 సెంటీమీటర్ల దూరములోనే పట్టుకొని యుండును. 25 కిలోల టమాట క్రేటును చేతులు చాచి 50 సెంటీమీటర్ల దూరమున పట్టినచో, ఏతము లెక్క ప్రకారము ఆ కండరములు 250 కిలోల బరువునకు సరిపోవు బలముతో లాగవలసి వచ్చును. క్రేటును పొట్టకు దగ్గరగా 25 సెంటీమీటర్లకు తెచ్చిన అది 125కు తగ్గును. మన పైశరీరపు బరువు దీనికి అదనము. కావున మోకాళ్లు వంచి, బరువును ఒంటికి ఆనించి లేవవలెను. ఆటోలోనికి చేర్చునపుడు నడుము మెలిత్రిప్పక పాదములనే త్రిప్పవలెను. ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసినది. యూరియా బస్తా 45 కిలోలే అయినను, ఇద్దరు పట్టిన చిన్నతనమేమియు లేదు.

నాట్లు వేయుచు, కలుపు తీయుచు నుండు స్త్రీల సంగతి వేరు. వారికి ఓర్పు కొరత లేదు. గంటలకొద్ది ఒకే తీరున వంగియుండుటచే నడుము, తొడ వెనుక కండరములు బిగిసిపోవును. అరగంటకొకసారి లేచి, నడుముపై చేతులుంచి, మెల్లగా వెనుకకు వంగి నిలువవలెను. ఇంటికి వచ్చిన తరువాత వారికి మరల వడినడక చెప్పుట అన్యాయము. కావలసినది విశ్రాంతి, ఇంటిపనిలో మగవారి సాయము.

తూకమును చూచి మోసపోరాదు. వరికుప్ప బరువంతయు గింజ కాదు, గడ్డియు అందులో నుండును. అట్లే మనిషి బరువులో కండ, కొవ్వు రెండును కలవు. అందుచేత టేపుతో నడుము కొలత చూడవలెను. మన దేశపు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన జాగ్రత్తపడవలెను. కాళ్లు చేతులు సన్నముగా నుండి పొట్ట మాత్రము పెరిగినవారు మన గ్రామములలోను తక్కువ లేరు.

అరువది దాటినవారు రెండు పరీక్షలు ఇంటివద్దనే చేసికొనవచ్చును. చేతులు రొమ్ముపై కట్టుకొని, గోడకానించిన కుర్చీనుండి 30 సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుందురో లెక్కించవలెను. 60 నుండి 64 ఏండ్ల పురుషులు 14 సార్లకు, స్త్రీలు 12 సార్లకు తగ్గినచో తొడబలము చాలదు. తరువాత పక్కన ఒకరిని ఉంచుకొని ఒంటికాలిపై 10 సెకండ్లు నిలువవలెను. తడి గట్లపై నడచువానికి ఈ నిలకడ ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. కొరవ కనబడిన, ఆ కుర్చీ లేవుటనే వారమునకు రెండు మూడు రోజులు అభ్యసించిన బలము మెల్లగా వచ్చును.

నాట్లు, కోతల రోజులలో చేతిపని ముమ్మరముగా నున్నపుడు ఇవన్నియు వేరుగా చేయనక్కరలేదు. పనులు లేని వేసవి నెలలే అసలు చిక్కు. అపుడు తెల్లవారుజామున, ఎండ ముదరక మునుపే నడక ముగింపవలెను. నడచునపుడు ఛాతీలో పట్టినట్లున్నను, ఎడమచేయి లాగినను, కండ్లు తిరిగినను వెంటనే ఆగి వైద్యునివద్దకు పోవలెను. రక్తపోటుకు, మధుమేహమునకు మందులు వాడువారు మొదలు పెట్టుటకు ముందే వైద్యుని అడుగుట మంచిది.