ఇంటి నీడకు ఏ చెట్టు?

మన గంజాం జిల్లాలో ఇంటియొద్ద చెట్టు నాటువారు రెంటిని తలపవలెను: ఒకటి వైశాఖపు ఎండ, రెండవది ఆశ్వయుజపు తుఫాను. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటినపుడు లెక్కకు మిక్కిలిగా చెట్లు కూలినవి. నీడనిచ్చిన చెట్టే ఇంటిపై కూలినచో నేమి లాభము?

తురాయి త్వరగా పెరుగును, పూలు కన్నులపండువు. కాని వేళ్లు పైపైననే ప్రాకును, కొమ్మలు పెళుసు. మునగయు పెళుసే. మర్రి, రావి వేళ్లు గోడలను చీల్చును. అవి రచ్చబండకు తగును గాని పెరటికి తగవు.

వేప, కానుగ మేలైనవి. వాని వేళ్లు లోతునకు దిగును. ఇవి ఆకు రాల్చినను, ఎండలు ముదురునప్పటికి క్రొత్త చిగురు కమ్ముకొనును. కానుగ ఉప్పుగాలికి ఓర్చును. దాని వేళ్ల బుడిపెలు నేలకు నత్రజనిని చేకూర్చును.

మధ్యాహ్నము దాటిన ఎండయే గోడలను మిక్కిలి కాల్చును. కనుక పడమటి దిక్కున, గోడకు 20 అడుగుల ఎడముగా నాటవలెను. సంచిలో చుట్టలు చుట్టుకొనిన వేళ్లుగల మొక్క గాలికి నిలువదు. వేపగింజను చోటుననే విత్తినచో తల్లివేరు తిన్నగా దిగును. అయితే ఆ గింజ కొలది వారములలోనే మొలకశక్తిని కోల్పోవును; పండు రాలిన వెంటనే, తొలకరిలో విత్తి ముళ్లకంచె కట్టవలెను.

ఏ చెట్టును తుఫానుకు పూర్తిగా అభయమీయదు. ఇంటివైపు వంగిన కొమ్మలను ఏటేట వానలకు ముందే కొట్టివేయవలెను.

విద్యార్థులారా! నేడు విత్తిన గింజ నీడనిచ్చుటకు కొన్ని యేండ్లు పట్టును. కనుక ఈ తొలకరినే విత్తుడు.