ల్యాబ్‌లోకి సర్వీస్ డాగ్ వస్తే?

ప్రశ్న: అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ కెమిస్ట్రీ ల్యాబ్‌లో టీచింగ్ అసిస్టెంట్‌గా ఉన్నాను. ఈ సెమిస్టర్ ఒకమ్మాయి సర్వీస్ డాగ్‌తో వస్తుందట. వద్దనొచ్చా?

జవాబు: సర్వీస్ డాగ్ అంటే వైకల్యం ఉన్నవాళ్లకు సాయపడేలా శిక్షణ పొందిన కుక్క; ఊరికే వద్దనడం కుదరదు. అక్కడి 1990 నాటి వికలాంగుల చట్టం ఒప్పుకోదు. పక్కవాళ్లకు కుక్కంటే భయమున్నా, ఎలర్జీ ఉన్నా ఇద్దరినీ దూరంగా కూర్చోబెట్టాలి తప్ప కుక్కను గెంటేయకూడదు. ప్రయోగంలో నిజంగానే ప్రమాదం ఉంటే మాట వేరు. అయినా ఆ నిర్ణయం మీ ఒక్కరిదే కాదు. సేఫ్టీ ఆఫీసు, డిజెబిలిటీ ఆఫీసు కలిసి తేల్చాలి.

మీరు చూడాల్సింది నేల. ఒలికిన యాసిడ్, పగిలిన టెస్ట్‌ట్యూబు ముక్క చేరేది అక్కడికే. ఈథర్ ఆవిరి గాలికన్నా బరువు, సరిగ్గా కుక్క ముక్కు ఎత్తులో తిరుగుతుంది. పైగా పాదానికి ఏదంటినా కుక్క నాకేస్తుంది. అందుకే దానికీ బూట్లు, కళ్లద్దాలు, కోటు ఉండాలి. ఇంటి దగ్గరే అలవాటు చేయమనండి; కొత్త బూట్లతో మొదటిరోజు ఏ కుక్కా తిన్నగా నడవదు! నడకదారికి, ఫ్యూమ్‌హుడ్‌కు ఎడంగా, ఆ అమ్మాయికి కనిపించేలా బెంచీ చివర చాప వేయండి. నీళ్ల గిన్నె మాత్రం గది బయటే. మొదటి క్లాసుకు ముందే ఆమెతో కలిసి ఖాళీ ల్యాబ్ ఒకసారి తిరిగి చూడండి.